ఎడమకు కొట్టే లైట్లు

కొచ్కోర్ బజారు పక్కన నరీన్‌కు వెళ్ళే టాక్సీలు ఆగే చోట ఆడ డ్రైవరు కెంజే ఒక్కతే ఉండేది. మా పక్కింటి మనిషి. నలభైకి దగ్గర పడింది. మొగుడు కట్టుబడి పనికని రష్యా వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. వెళ్ళేముందు అతను కొన్న జపాను వ్యాను ఒక్కటే ఆమెకు మిగిలింది. ఏడవటం అయ్యాక ఆ వ్యాను తాళాలు తీసుకుని దొలోన్ కనుమ మీదుగా నరీన్‌కు సవారీలు తోలడం మొదలుపెట్టింది. మొదట్లో నవ్వినవాళ్ళే తరవాత తమ ఆడపిల్లల్ని ఆమె బండిలో ఎక్కించేవాళ్ళు. మంచులోనైనా నిదానంగా, భద్రంగా నడుపుతుందని పేరు.

మా దగ్గర సగం బళ్ళు జపాను నుంచి వచ్చినవే. అక్కడ బండి రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తుంది, ఇక్కడ కుడి పక్కన. స్టీరింగు కుడివైపున ఉండడం మాకు అలవాటైపోయింది. చిక్కంతా ముందు లైట్లతోనే. అక్కడ రోడ్డు అంచున నడిచేవాళ్ళు కనపడాలని వెలుతురును ఎడమ పక్కకు కాస్త ఎత్తి కొట్టేలా తయారు చేస్తారు. ఇక్కడ ఎడమ పక్కన వచ్చేది ఎదుటి బండి. ఆ ఎత్తిన వెలుతురు తిన్నగా ఎదుటివాడి కళ్ళలో పడుతుంది.

ఈ సంగతి కెంజేకు తెలియనిది కాదు. స్టాండులో ఒక ముసలి డ్రైవరు ఆమెను రోజూ ఏడిపించేవాడు. "నీ బండి ఎదురొస్తే చచ్చిన మా తాత కనబడుతున్నాడు కెంజే. పొద్దస్తమానం ఆయన్ని పలకరించలేక చస్తున్నా" అనేవాడు. బజారు వెనక బళ్ళకు కరెంటు పని చేసే మెలిస్ కూడా చెప్పాడు. లైట్లు తీసేసి యూరోపు బండివి పెట్టుకోవాలి, లేదా అద్దం మీద వెలుతురు ఎత్తి కొట్టే ముక్క వరకు నల్ల టేపు అంటించుకోవాలి. కెంజే టేపు అంటించింది కూడా. కానీ టేపు వేస్తే వెలుతురు సగానికి సగం తగ్గిపోయింది. కనుమ మీద ఒక సాయంత్రం రోడ్డు మధ్య నిలబడ్డ గుర్రం దగ్గరికి వెళ్ళేదాకా కనపడలేదు. బ్రేకు మీద నిలబడితే బండి ఆగింది గానీ, ముందు సీట్లో ఉన్న ముసలామె నుదురు పగిలింది. ఇంటికి రాగానే కెంజే ఆ టేపు గోళ్ళతో పీకి పారేసింది. యూరోపు లైట్లు దొరికినప్పుడు మార్చుకుందాం లెమ్మనుకుంది. అలా రెండు చలికాలాలు గడిచాయి.

ఆ ఏడు నవంబరులో ఒక సాయంత్రం, నరీన్‌లో సవారీలు దొరక్క ఖాళీ బండితో తిరిగొస్తోంది. వెలుతురు పోతోంది, తడి మంచు పడుతోంది. కనుమ దిగుతుంటే మలుపు దగ్గర ఎదురుగా ఒక కారు పైకి ఎక్కుతూ వచ్చింది. ఆ కారు ఒక్కసారిగా పక్కకు తూలింది. దాన్ని దాటి కొంచెం దూరం వచ్చాక కెంజే అద్దంలో చూసింది. దాని వెనక లైట్లు కనపడలేదు.

బండి ఆపి వెనక్కి పరుగెత్తింది. కారు వాగు దాకా దొర్లి పక్కకు పడి ఉంది. జారుకుంటూ దిగింది. లోపల ఒక మగమనిషి, ఒక ఆడమనిషి. ఆమె చెయ్యి విరిగింది, కానీ మాట్లాడుతోంది. అతని రొమ్ము స్టీరింగుకు నలిగిపోయింది. కెంజే ఎలాగో అతన్ని బయటికి లాగి, తన కోటు మంచులో పరిచి, తల ఒళ్ళో పెట్టుకుంది. ఫోనులో టార్చి వేసి చూస్తే అతను మొహం తిప్పుకున్నాడు.

"ఆ లైటు ఆర్పండి" అన్నాడు.

కెంజే టార్చి ఆర్పేసింది. చుట్టూ బూడిదరంగు మసక తప్ప ఇంకేం లేదు. అయినా అతను అదే మాట. "ఆ లైటు ఆర్పండి. ఏం కనపడట్లేదు." ఇంకొకసారి అన్నాడు, అంతే. బొగ్గు లారీ ఒకటి వచ్చి ఆగేసరికి ప్రాణం పోయింది.

ఆ మాట వినగానే తనకు తెలిసిపోయిందని కెంజే తరవాత నాతో చెప్పింది. మొదటిసారి అన్నప్పుడే తెలిసిందట. రెండోసారి అన్నప్పుడు చెవులు మూసుకోబోయిందట, కానీ చేతులు అతని తలకింద ఉన్నాయి.

పోలీసులు వచ్చారు. రెండు బళ్ళూ ఒకదానికొకటి తగలలేదు, గీత కూడా లేదు. తడి మంచు, మలుపు, వేగం అని రాసుకున్నారు. కెంజేను ఏం చూశావని అడిగారు, కారు తూలడం చూశానంది. లైట్ల గురించి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

చనిపోయినతని పేరు జుమాదిల్. కనుమకు అవతల కారా-జార్ ఊరివాడు, గుర్రాలు పెంచేవాడు. భార్య అసిల్‌కాన్, ఒక చిన్న కూతురు, తల్లి బత్మా, తమ్ముడు ఎర్‌మెక్, ఇంతే ఇల్లు. మట్టి చేసే రోజు కెంజే వెళ్ళింది. వెళ్ళకుండా ఉండలేకపోయింది. వాకిట్లో గుడారం వేసి శవాన్ని లోపల పెట్టారు. ఆడవాళ్ళు గోడవైపు తిరిగి కూర్చుని శోకాలు పెడుతున్నారు. ప్రమాదం దగ్గర ఆగింది ఈమేనని ఎవరో చెప్పగానే బత్మా లేచి వచ్చి కెంజే మొహం రెండు చేతుల్లో పట్టుకుంది.

"నా కొడుకు తల మంచులో పడకుండా ఒళ్ళో పెట్టుకున్నావు. ఇకనించి నువ్వు నా కూతురివే" అంది, నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

కెంజే ఆ ముద్దు పెట్టించుకుంది. మర్నాడే మెలిస్ దగ్గరికి వెళ్ళింది. ప్రమాదానికి గురైన యూరోపు బండి ఒకటి అతని కొట్టు వెనక పడి ఉంటే, దాని లైట్లు ఎలాగోలా పట్టించమంది. రెండు చలికాలాలు వాయిదా వేసిన పని ఒక్క పూటలో అయిపోయింది. మెలిస్ ఆమె మొహం చూసి ఏం అడగలేదు. తీసిన లైట్లు పాత సామాన్లలో పడేశాడు.

ఆ ఇంట్లో మాత్రం జుమాదిల్ ఎందుకు చనిపోయాడన్న తగువు నడుస్తోంది. మొగుడూ పెళ్ళాలు ఆ రోజు కారులో పోట్లాడుకున్నారు. అత్తను వదిలి రాజధాని బిష్కెక్‌కు కాపురం మార్చుదామని అసిల్‌కాన్ పట్టు. పాపం ఆ పిచ్చిది ఏదీ దాచుకోకుండా అడిగినవాళ్ళందరికీ ఉన్నదున్నట్టు చెప్పింది. కనుమ కింద సారీ-బులాక్ దాకా పోట్లాడుకున్నాం, తరవాత ఇద్దరం మాట్లాడుకోలేదు, మలుపు దగ్గర పెద్ద వెలుతురు కళ్ళలో కొట్టింది, ఆయన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, అంది. బత్మా చెవికి మొదటి సగమే ఎక్కింది. తన కొడుకు చెవిలో ఇల్లు కట్టుకుని పోరి పోరి వాగులో పడేసిందని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. వెలుతురు మాట ఎత్తితే, "వెలుతురట. నువ్వే వాడి కళ్ళు పోయేలా ఏడిపించావు" అనేది.

నలభయ్యో రోజు విందుకు కెంజేను పిలిచి పెద్దలు కూర్చునే పై చోట కూర్చోబెట్టారు. చనిపోయినవాడి పేరున గుర్రాన్ని కోశారు. మంచి ముక్కలు ఆమె ముందు పెట్టారు. భోజనానికి ముందు చేతులమీద నీళ్ళు పోసేది ఇంటి కోడలు. కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని అసిల్‌కాన్ ఒక చేత్తో చెంబు పట్టుకుని వరసగా వస్తోంది. కెంజే దగ్గరికి వచ్చి వంగి, నీళ్ళు సన్నగా వదులుతూ ఎవరికీ వినపడకుండా అడిగింది.

"ఎజే, ఆ రోజు ఆయన లైటు ఆర్పమన్నాడు కదా. నువ్వు విన్నావు కదా."

ఎజే అంటే అక్క. ఊరూ పేరూ తెలియని ఆడమనిషిని కూడా మా దగ్గర అలాగే పిలుస్తాం. కెంజే చేతులు తుడుచుకుంటూ, "గాలి గోలలో నాకేం వినపడలేదమ్మా" అంది.

అసిల్‌కాన్ ఆమె మొహంలోకి ఒక నిమిషం చూసి పక్క మనిషి దగ్గరికి వెళ్ళిపోయింది.

విందు అవుతుండగానే బత్మా ఆడవాళ్ళతో అన్న మాట కెంజే చెవిన పడింది. మంచు కరగ్గానే కోడల్ని పుట్టింటికి పంపించేస్తారట. పిల్ల మాత్రం ఈ ఇంటి రక్తం కాబట్టి ఇక్కడే ఉంటుందట. అసిల్‌కాన్ పెట్టె అప్పటికే గుమ్మం పక్కన పెట్టి ఉంది, తాడు కట్టి.

వచ్చేటప్పుడు ఎర్‌మెక్ విందు మాంసం సంచిలో కట్టి ఆమె బండిలో పెట్టాడు. దాన్ని కెంజే మా ఇంటికి తెచ్చిచ్చింది. నువ్వు తినవా అంటే కడుపులో బాగాలేదంది. మేం వండుకుని తిన్నాం.

తరవాత పది పన్నెండు రోజులు ఆమె స్టాండుకు రాలేదు. ఒక ఉదయం నన్ను పిలిచి ఇదంతా చెప్పింది. నేనేమన్నానో దాచడం ఎందుకు, నోరు మూసుకోమన్నాను. చచ్చినవాడు తిరిగి రాడు, నీ బండి పోతే నువ్వేం తింటావు అన్నాను. ఆమె నా మాట విన్నట్టే తలూపి, ఆ మధ్యాహ్నమే కారా-జార్ వెళ్ళింది.

బత్మా సంతోషంగా ఎదురొచ్చి టీ పోసింది. ఎర్‌మెక్ కూడా ఉన్నాడు. కెంజే టీ ముట్టుకోకుండా చెప్పింది. తన లైట్లు తప్పువైపు కొడతాయని తనకు ముందే తెలుసని, జుమాదిల్ లైటు ఆర్పమన్న మాట తను విన్నానని, అసిల్‌కాన్ చెప్పిందంతా నిజమని.

ఎర్‌మెక్ ముందు నవ్వాడు. "వదిన పుట్టింటివాళ్ళు నిన్ను బాగానే పట్టారే. ఎంత ముట్టజెప్పారు నీకు?" అన్నాడు.

బత్మా అతన్ని ఆగమంది. "నీ బండిలో నేను వచ్చాను కదే, విందుకు ముందు, చీకటి పడ్డాక. ఎదురొచ్చినోడు ఒక్కడైనా కళ్ళు మూసుకోలేదే."

"అవి మార్పించాను, అపా."

అపా అని ఆమెను అప్పటికే అమ్మను పిలిచినట్టు పిలుస్తోంది. ముసలామె చేతిలో టీ గిన్నె ఆగిపోయింది.

"ఎప్పుడు మార్పించావు?"

"మట్టి చేసిన మర్నాడు."

పక్కగదిలో అసిల్‌కాన్ ఉంది, వింటోందని అందరికీ తెలుసు. బత్మా గిన్నె కింద పెట్టి, "మాటలు ఎవరైనా చెప్తారు. ఆ పాత లైట్లు పెట్టుకుని రా. ఆ మలుపు దగ్గరే, ఆ పొద్దుకే. నా కళ్ళతో చూస్తే నమ్ముతా" అంది.

సంగతి విని మెలిస్ ససేమిరా అన్నాడు. "ఒక ప్రాణం పోయింది చాలదా ఎజే? మళ్ళీ ఆ దరిద్రాన్ని నా చేత పెట్టిస్తావా?" అన్నాడు. రోడ్డు మీద తిప్పనని, ఒక్క మనిషికి చూపించి తీసేస్తానని చెప్పింది. "నీ మెడకు ఉరి నువ్వే పేనుకుంటున్నావు. ఆళ్ళు దీన్ని తిన్నగా పోలీసులకు చూపిస్తారు" అన్నాడు. తెలుసంది. అతను పాత సామాన్లలో వెతికి, తిట్టుకుంటూనే బిగించాడు. లైట్లు వెయ్యకుండా వెలుతురు ఉండగానే కనుమ చేరమన్నాడు.

నేనూ వెళ్ళాను ఆమెతో, పక్కన కూర్చుని. మలుపు దగ్గర ఎర్‌మెక్ కారు రోడ్డు అంచున ఆపి ఉంది. స్టీరింగు ముందు బత్మా కూర్చుంది, జుమాదిల్ కూర్చున్న చోట. అసిల్‌కాన్‌ను పక్కన, ఆమె ఆ రోజు కూర్చున్న చోటే కూర్చోబెట్టింది. ఎర్‌మెక్ వచ్చే బళ్ళను ఆపడానికి కిందికి వెళ్ళాడు. మేం మలుపుకు పైన ఆగాం. మసక పడేదాకా కూర్చున్నాం. తరవాత కెంజే లైట్లు వేసి, బండిని నెమ్మదిగా కిందికి పోనిచ్చింది.

మలుపు తిరగ్గానే కారులోని ఇద్దరూ పట్టపగల్లా కనిపించారు. బత్మా తెల్ల తలగుడ్డ మెరిసింది. ఆమె ఒక్కసారి వెనక్కి వాలి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుంది. మొహం పక్కకు తిప్పుకుంది. పక్కన అసిల్‌కాన్ మాత్రం కళ్ళు మూయలేదు. నీళ్ళు కారుతున్నా వెలుతురులోకే చూస్తూ కూర్చుంది.

కెంజే బండి ఆపి, లైట్లు ఆర్పేసింది. బత్మా దిగి తడుముకుంటూ వచ్చింది. ఎడమ తలుపు దగ్గరికి వచ్చి చూస్తే అక్కడ నేనున్నాను. నన్ను చూసి, బండి చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళింది. కెంజే అద్దం దించింది.

"నా కొడుకు ఆఖరున చూసింది ఇదా" అంది బత్మా.

కెంజే తల దించుకుంది.

"నీ నుదుటి మీద ముద్దు పెట్టాను. నా గుర్రం మాంసం నీకు పెట్టాను. నువ్వు తిన్నావు." ముసలామె గొంతు పెంచలేదు. "ఇంక నా వాకిట్లో అడుగు పెట్టకు."

ఎర్‌మెక్ ఈలోగా పరుగెత్తుకుంటూ వచ్చాడు. తల్లి మొహం చూడగానే అతనికి అర్థమైంది. రాయి తీసుకుని ఒక లైటు పగలగొట్టాడు. రెండోదాని మీదికి చెయ్యి ఎత్తితే బత్మా ఆపింది.

"అది ఉంచు. పోలీసులు చూడాలి" అంది.

ఆ రాత్రి ఇంట్లో ఏం జరిగిందో ఊరివాళ్ళు చెప్పుకున్నారు. బత్మా కోడలికి క్షమాపణ చెప్పలేదు, ఆమెతో ఏమీ మాట్లాడలేదు. గుమ్మం పక్కనున్న పెట్టె తాడు తనే విప్పి, బట్టలు తీసి అల్మారాలో పెట్టింది. విప్పుతూ మధ్యలో కూర్చుండిపోయి, కొడుకు పేరు పెట్టి ఏడ్చిందట. అసిల్‌కాన్ దగ్గరికి రాలేదు, దూరంగానూ పోలేదు. గోడకు ఆనుకుని నిలబడిందట.

పోలీసులు కేసు తిరగదోడారు. కెంజే ఏదీ కాదనలేదు. జైలు తప్పింది, లైసెన్సు పోయింది. బండి అమ్మేసింది. ఆ వారమంతా స్టాండులో ప్రతి బండి లైట్లూ పరీక్ష చేశారు. మెలిస్‌కు ఊపిరి సలపనంత పని. ప్రతి జపాను బండి కంటికీ నల్ల టేపు పడింది. డ్రైవర్లందరూ కెంజేను తిట్టుకున్నారు. తాత కనిపిస్తున్నాడని వేళాకోళం చేసిన ముసలాయన కూడా, "ఒక్కదానికి మనశ్శాంతి కావాలని మా అందరి పొట్ట కొట్టింది" అన్నాడు. మంచు కరిగేలోగా పరీక్షలు ఆగిపోయాయి, టేపులూ ఒక్కొక్కటే ఊడిపోయాయి. టేపు వేస్తే కనుమ మీద ఏమీ కనపడదు మరి.

కెంజే సారీ-బులాక్‌లో రోడ్డు పక్క తిండి దుకాణంలో గిన్నెలు కడిగే పనికి కుదిరింది. ఏడాదిన్నర గడిచాక వేసవిలో ఒకరోజు బిష్కెక్ వెళ్ళే వ్యాను అక్కడ ఆగింది. అందులోంచి అసిల్‌కాన్ కూతుర్ని చెయ్యి పట్టుకుని దిగింది. సంవత్సరం విందు అయిపోయాక బత్మాయే పొమ్మందట. పిల్లనూ తీసుకుపొమ్మందట. విరిగిన చెయ్యి సరిగ్గా అతకలేదు, వేళ్ళు పూర్తిగా ముడవడం లేదు.

ఆమె నేరుగా వంటింటి తలుపు దగ్గరికి వచ్చింది. కెంజే చేతులు తుడుచుకుని నిలబడింది.

"నిన్ను తిట్టడానికి రాలేదు" అంది అసిల్‌కాన్. "లైట్లు నీవే కావచ్చు, కానీ కావాలని చంపలేదుగా. ఆ సంగతి నాకు తెలుసు. నువ్వొచ్చి చెప్పకపోతే ఈ పిల్ల నా దగ్గర ఉండేది కాదు. అదీ తెలుసు."

కెంజే ఏదో అనబోయింది. అసిల్‌కాన్ వినిపించుకోలేదు.

"కానీ నీ చేతుల మీద నీళ్ళు పోస్తూ అడిగాను చూడు. వినపడలేదన్నావు. ఆ రోజు నుంచి నువ్వు మళ్ళీ వచ్చేదాకా నన్ను నేనే నమ్మలేదు ఎజే. నిజంగానే నేనే చంపుకున్నాననుకున్నాను. ఒక రాత్రి వాగు దాకా వెళ్ళాను కూడా. పిల్ల ఏడిస్తే తిరిగొచ్చాను." పిల్ల చెయ్యి మళ్ళీ పట్టుకుంది. "ఆ ఒక్కదానికి మాత్రం నిన్ను క్షమించలేను. చెప్పి పోదామని దిగాను."

వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. అసిల్‌కాన్ పిల్లకు రొట్టె కొనిపెట్టి, బాగున్న చేత్తో ఎత్తి వ్యాను ఎక్కించి, తనూ ఎక్కింది.

కెంజే ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా గుమ్మంలో కూర్చుని ఇది చెప్పింది. నేను ఓదార్పుగా ఏదో అనబోతే వద్దంది. ఆమె అన్నది న్యాయమే, దాన్ని నువ్వు తక్కువ చెయ్యకు, అంది. కాసేపు కూర్చుని లేచి వెళ్ళిపోయింది. మర్నాడు తెల్లారకముందే సారీ-బులాక్ వెళ్ళే పాల బండి ఎక్కుతుంటే చూశాను.